ఎర్రనీటి లెక్క



ఆషాఢం వచ్చిందంటే గోదావరి గట్టున ఇద్దరు కలిసినప్పుడు ముందు అడిగే మాట, ‘ఎర్రనీరు తగిలిందా?’ అని. నాలుగు రోజులు పోయాక అడిగే మాట, ‘పులస పడిందా?’ అని. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత ఎవరు పుట్టించారో గానీ, దాన్ని పట్టుకుని ఏటా పత్రికలు ధరలు రాస్తాయి, మనం నోళ్లు వెళ్లబెడతాం. చేప ధర గురించి ఇంత మాట్లాడుకునేవాళ్లం, ఆ చేపను ఏట్లోకి పిలిచే ఎర్రనీటి గురించి, ఆ నీటిని ఎర్రగా చేసే మట్టి గురించి ఒక్క మాటైనా అనుకోం. ఈ పావుగంటా ఆ మట్టి గురించే.

మా చిన్నప్పుడు ఇంట్లో తాగేది గోదావరి నీళ్లే. వరద రోజుల్లో బిందె ముంచితే కాఫీ రంగులో వచ్చేవి. మా అమ్మమ్మ చిల్లగింజను సానరాయి మీద నాలుగు రుద్దులు రుద్ది, ఆ గంధం బిందెలో కలిపి, పైన గుడ్డ కప్పి పడుకునేది. తెల్లారేసరికి నీళ్లు తేట. అడుగున మీగడలా ఒండ్రు. తేట నీళ్లు కుండలోకి వంచుకున్నాక ఆ అడుగు మడ్డిని ఆవిడ వీధిలో పారబోసేది కాదు. పెరట్లోకి పట్టుకెళ్లి బీరపాదు మొదట్లో పోసేది. అప్పట్లో నాకది పిసినారితనంలా ఉండేది.

ఆ బిందెలో ఏముందో చూద్దాం. వరద నీటిలో ఉన్నది ఒక రకం మట్టి కాదు. మిల్లీమీటరులో పదో వంతు ఉండే సన్న ఇసుక రేణువు, కదలని నీటిలో ఒక మీటరు కిందికి దిగడానికి రెండు నిమిషాలు చాలు. అందులో పదో వంతు ఉండే ఒండ్రు రేణువుకు మూడు గంటలు పడుతుంది. దానిలోనూ పదో వంతు ఉండే బంకమట్టి రేణువుకు దాదాపు రెండు వారాలు. రేణువు పది రెట్లు చిన్నదైతే, దిగే వేగం నూరు రెట్లు తగ్గుతుందన్నమాట. అందుకే చిల్లగింజ కావలసివచ్చింది. బంకమట్టి రేణువులన్నీ ఒకే రకం విద్యుదావేశంతో ఒకదాన్నొకటి తోసేసుకుంటూ తేలుతుంటాయి. గింజలోని పదార్థం ఆ తోపును పోగొడుతుంది. రేణువులు గుంపులు కట్టి, బరువెక్కి, దిగిపోతాయి. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, నది మొగ దగ్గర మళ్లీ దీనితో పని పడుతుంది.

బిందెలో నీళ్లు నిలకడగా ఉంటాయి, ఏరు అలా ఉండదు. ఏట్లో రాళ్లు అడుగున దొర్లుతాయి, ఇసుక గెంతుతూ పోతుంది, ఒండ్రూ బంకమన్నూ సుడుల్లో చిక్కుకుని తేలుతూ పోతాయి. ఏ రేణువు ఎప్పుడు లేస్తుందో, ఎక్కడ పడుతుందో తేల్చడం ఎంత కష్టమో చెప్పడానికి ఒక కుటుంబాన్ని తలుచుకుంటాను. ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ కాంతినీ కాలాన్నీ లెక్కకట్టాడు. ఆయన పెద్దకొడుకు హాన్స్ ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ బతుకంతా ఏటి అడుగున ఇసుక ఎలా కదులుతుందన్న ప్రశ్నకే ఇచ్చాడు. 1930ల్లో జ్యూరిచ్‌లో మొదలుపెట్టి, తర్వాత అమెరికాలో బర్క్లీ విశ్వవిద్యాలయంలో కొనసాగించాడు. ఫలానా రేణువు ఎప్పుడు లేస్తుందో ఎవరూ చెప్పలేరు, గుంపులో ఎన్ని లేస్తాయో మాత్రం పాచికల ఆటలాగా లెక్కకట్టవచ్చు అన్నది ఆయన పట్టుకున్న దారి. 1935లో స్వీడన్‌లో యూల్‌స్ట్రోమ్ అనే ఆయన ఇంకో విచిత్రం చూపించాడు. అన్నిటికంటే తేలిగ్గా లేచేది అన్నిటికంటే చిన్న రేణువు కాదు, సన్న ఇసుక. బంకమన్ను తేలుతున్నంత సేపూ తేలుతుంది గానీ, ఒకసారి పేరుకుని గట్టిపడిందా, దాన్ని లేపడానికి గులకరాళ్లను దొర్లించేంత జోరు కావాలి. లంక రైతులకు ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. ఇసుక మేట ఈ ఏడు ఇక్కడుంటే వచ్చే ఏడు ఇంకోచోట ఉంటుంది. బంకమన్ను పట్టి గడ్డి మొలిచిన లంక కొన్ని తరాలు నిలుస్తుంది.

మన దగ్గర ఈ మట్టిని కొలిచేది కేంద్ర జలసంఘం. పంజాబ్ తరహా అనే ఒక సీసా ఉంటుంది. దాన్ని ఏట్లో, పైనుంచి లోతులో పదింట ఆరు వంతుల దగ్గరకు దించి, అక్కడ మూత తీసి నింపుతారు. పైకి తెచ్చి, వడకట్టి, ఆరబెట్టి, తూస్తారు. లీటరుకు ఎన్ని గ్రాములో రాసుకుంటారు. ముతక, మధ్యరకం, సన్నం అని మూడుగా విడదీస్తారు. వింటుంటే మా అమ్మమ్మ బిందె కథలాగే ఉంది కదా. అయితే ఈ సీసాకు దొరికేది తేలే మట్టి మాత్రమే. అడుగున దొర్లే ఇసుక దీనికి చిక్కదు. దాన్ని ఇంతకు ఇంత అని అంచనా వేసుకోవలసిందే.

ఇక చేప దగ్గరికి వద్దాం.

సముద్రంలో ఉన్నంత కాలం అది ఇలస. గోదావరిలోకి ఎదురీది వస్తే పులస. 1822లో హామిల్టన్ బుకానన్ గంగానది చేపల మీద రాసిన గ్రంథంలో దానికి బెంగాలీ పేరే శాస్త్రీయ నామంగా తగిలించాడు, అందుకే ఇవాళ్టికీ శాస్త్రలోకం దాన్ని ఇలిషా అనే పిలుస్తుంది. వానాకాలంలో ఏరు పొంగి, మొగ దగ్గర ఉప్పు తగ్గి, ఎర్రనీరు సముద్రంలోకి పరుచుకోగానే ఈ చేప ఏట్లోకి మళ్లుతుంది. గుడ్లు పెట్టడానికి. ఒక్కో ఆడచేప లక్షల్లో పెడుతుంది.

ఈ గుడ్ల సంగతే నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపిస్తుంది. కదలని నీటిలో వేస్తే పులస గుడ్డు అడుగుకు దిగిపోతుంది. నీరు కాస్త కదులుతుంటే చాలు, తేలుతుంది. పొదగడానికి పట్టేది ఒక రోజు అటూ ఇటూ. ఆ ఒక్క రోజు గుడ్డు తేలుతూ ఉండాలి. దాన్ని తేల్చేది ఏమిటి? ఒండ్రును తేల్చే సుడులే. చేపగుడ్డునూ మట్టిరేణువునూ మోసేది ఒకే చెయ్యి. నీరు ఎర్రగా ఉందంటే సుడులు పనిచేస్తున్నాయని, గుడ్డు మునగదని అర్థం. నీళ్లు తేటపడ్డాయంటే మట్టితో పాటు గుడ్డూ దిగిపోయే చోటని అర్థం. పైగా ఆ మసకనీరు పిల్లచేపలకు దుప్పటి. పెద్ద చేప కంటికీ కొంగ కంటికీ అవి ఆనవు. మురికినీరు అని మనం మొహం చిట్లించే నీరు పులసకు పురిటిగది.

పులస సరే, అది పెద్దింటి చుట్టం, ఏడాదికోసారి వచ్చి పోతుంది. ఏట్లోనే పుట్టి ఏట్లోనే ఉండేవాళ్ల సంగతి చూడండి. బొమ్మిడాయికి ఇసుకా బురదా ఉంటేనే ఇల్లు. పగలంతా ముక్కు మాత్రం బయటపెట్టి లోపల దూరి ఉంటుంది. ఇసుక దొందు పేరులోనే ఇసుక ఉంది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వరద కొత్తగా ఎక్కిన పల్లపు ఒడ్డుల్లో, పచ్చగడ్డి మునిగిన చోట గుడ్లు పెడతాయి. ఆ పల్లాలను చేసింది గత వరదలు పరిచిన ఒండ్రే. వాలుగకు లోతైన మడుగు కావాలి. ఎండాకాలం ఏరు సన్నగిల్లినప్పుడు చేపలన్నీ తలదాచుకునేది ఆ మడుగుల్లోనే. మడుగును వరద తవ్వుతుంది, వరదే మేట వేస్తుంది, మళ్లీ తవ్వుతుంది. ఏటేటా ఇల్లు ఊడ్చి అలికినట్టు.

కొందరు అడుగుతారు, ఇసుక కోసం యంత్రాలతో తవ్విన గోతులు కూడా మడుగులే కదా అని. కాదండీ. వరద చేసిన మడుగు ఏటి వంపును బట్టి, గట్టు రాతిని బట్టి తన చోటు తాను ఎంచుకున్నది. యంత్రం తవ్విన గొయ్యి, పైనుంచి వచ్చే ఇసుకనంతా ముందు తానే మింగుతుంది. ఆ గొయ్యి పై అంచు కోసుకుంటూ ఎగువకు పాకుతుంది. కింద ఊళ్లకు రావలసిన ఇసుక ఆగిపోతుంది. వంతెన స్తంభాల మొదళ్లు బయటపడితే అందరికీ కనబడుతుంది, బొమ్మిడాయి ఇల్లు పోతే ఎవరికీ కనబడదు.

ఇప్పుడు ధవళేశ్వరం. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు. కరవుతో అల్లాడిన సీమ అన్నపూర్ణ అయింది. ఆ నీళ్లతో పండిన అన్నం తిని పెరిగినవాణ్ణి, ఆయన్ని తప్పుపట్టే సాహసం నేను చెయ్యను. కానీ ఆ కట్ట పులస దారికి అడ్డం పడిందన్నది కూడా నిజమే. ఆనకట్టలు చేపల రాకపోకలను ఎలా ఆపుతున్నాయో మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1873లోనే సర్కారుకు నివేదిక రాశాడు. నూటయాభై ఏళ్ల కిందటి మాట ఇది. గంగమీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చేదాకా ఇలస అలహాబాదు దాటి యమునలో ఆగ్రా వరకు ఈదేది. ఆ తర్వాత ఎగువ ఊళ్లవాళ్లకు అది జ్ఞాపకం అయిపోయింది. ధవళేశ్వరంలో పాత ఆనకట్ట స్థానంలో 175 గేట్ల కొత్త బ్యారేజీ 1982 నాటికి వచ్చింది. పెద్ద వరదలో గేట్లన్నీ ఎత్తేస్తారు, మామూలు రోజుల్లో దించేస్తారు. పులస వేటంతా ఇవాళ బ్యారేజీకి దిగువన, పాయల్లోనే.

చేపకు అడ్డం పడ్డ సంగతి అప్పుడప్పుడైనా ఎవరో ఒకరు అంటారు. మట్టికి అడ్డం పడ్డ సంగతి ఎవరూ అనరు. ధవళేశ్వరం కట్ట ఎత్తు తక్కువ, వరదలో మట్టి చాలావరకు దాటిపోతుంది. అసలు మట్టిని పట్టి ఉంచేవి ఎగువన గోదావరి మీదా ఉపనదుల మీదా కట్టిన పెద్ద జలాశయాలు. శ్రీరాంసాగర్‌ను 112 టీఎంసీలకు కట్టారు. 1990ల్లో కొలిచేసరికి అది 90 టీఎంసీలకు దిగింది. మిగిలిన చోటంతా మట్టి ఆక్రమించుకుంది. ఆ మట్టి ఎక్కడికో పోవలసింది, అక్కడ ఆగింది.

ఎక్కడికి పోవలసిందో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య కాకాని నాగేశ్వరరావు, ఆయన సహ పరిశోధకులు లెక్కతీశారు. 1970ల్లో గోదావరి డెల్టాకు ఏటా సగటున 15 కోట్ల టన్నుల తేలే మట్టి వచ్చేది. పది టన్నుల లారీలైతే కోటిన్నర. రెండు మూడు దశాబ్దాలు తిరిగేసరికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. కృష్ణ సంగతి ఇంకా కటకట. 1960ల చివర 90 లక్షల టన్నులు వచ్చేచోట, 2000 తర్వాత 4 లక్షలు. ఉపగ్రహ చిత్రాలు పక్కపక్కన పెట్టి చూస్తే, 1976 తర్వాత పాతికేళ్లలో గోదావరి డెల్టా అంచు నికరంగా 1,800 హెక్టార్ల పైచిలుకు నేలను కోల్పోయింది. అంటే నాలుగున్నర వేల ఎకరాలు. సముద్రం ఎప్పుడూ కోస్తూనే ఉంటుంది, నది ఎప్పుడూ పూస్తూనే ఉంటుంది. పూసే చెయ్యి బలహీనపడింది. ఉప్పాడ దగ్గర ఊళ్లు సముద్రంలో కలవడానికి ఇదొక్కటే కారణమని నేను అనను. అలల దిశ, తీరంలో మనం చేసిన కట్టడాలు, డెల్టా కుంగడం, సముద్ర మట్టం పెరగడం అన్నీ కలిశాయి. కానీ ఆ జాబితాలో మట్టి పేరు లేకుండా మాట్లాడితే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు చిల్లగింజను బయటికి తీయండి. ఒండ్రుతో వచ్చిన మంచినీరు మొగ దగ్గర ఉప్పునీటిని కలుస్తుంది. అక్కడ ఉప్పే చిల్లగింజ. రేణువుల మధ్య ఉన్న తోపును సముద్రపు ఉప్పు పోగొడుతుంది, అవి గుంపులు కట్టి దిగిపోతాయి. పోటుకూ పాటుకూ మధ్య మెత్తటి బురద తిన్నెలు లేస్తాయి. ఆ బురదలో మడ చెట్లు వేళ్లు దించుతాయి. కాకినాడ పక్కన 235 చదరపు కిలోమీటర్ల కోరింగ అభయారణ్యం ఇలా దిగిన మట్టి మీద మొలిచిందే. ఆ వేళ్ల సందుల్లో రొయ్య పిల్లలు, పండుగప్ప పిల్లలు, పీతలు దాక్కుని పెరుగుతాయి. కాకినాడ రేవులో దిగే చేపల సరుకులో ఎంతో కొంత ఆ బురదలో పెరిగిందే. కాకినాడకు అలల నుంచి అడ్డుగా ఉన్న హోప్ ఐలాండ్ కూడా గోదావరి తెచ్చిన ఇసుకను అలలు పొడుగ్గా పేర్చిన తిన్నే. ఇలస పిల్లలు సముద్రానికి తిరిగి వెళ్లేటప్పుడు ఉప్పుకు అలవాటు పడేదీ ఈ మొగల్లోనే. మా అమ్మమ్మ ఒక్క బిందె మడ్డితో ఒక బీరపాదు పెంచింది, గోదావరి మొగ దగ్గర అదే పని అడవి లెక్కన చేసింది.

మట్టి ఎంత ఎక్కువైతే అంత మంచిదని నేను అన్నట్టు అనుకునేరు. కొండల మీద అడవి నరికేస్తే వచ్చే మట్టి వేరు. హద్దు మీరిన మట్టి చేప మొప్పల్లో నిండుతుంది, గుడ్ల మీద పొరలా కప్పి ఊపిరాడనివ్వదు. అమెరికా పడమటి తీరంలో సాల్మన్ చేపలు గులకరాళ్ల మధ్య గుడ్లు పెడతాయి, వాటికి సన్న ఒండ్రే శత్రువు. మన పులసకు ఎర్రనీరు ఎంత ఇష్టమో, వాటికి తేటనీరు అంత ఇష్టం. ఏ నదికి తగ్గ మట్టి ఆ నదికి ఉంటుంది. ఆ లెక్క ఎక్కువైనా ప్రమాదమే, తక్కువైనా ప్రమాదమే. జలాశయం నుంచి తేటగా దిగిన నీటికి అమెరికా శాస్త్రజ్ఞుడు కొండాల్ఫ్ 1997లో ఆకలిగొన్న నీరన్న మాట వాడాడు. మోయవలసిన బరువు లేక అది తన గట్లనూ తన అడుగునూ తానే తింటుంది.

అదే అమెరికాలో ఎల్వా అనే చిన్న నది మీద 1913లో ఒకటి, 1927లో ఒకటి కట్టిన రెండు ఆనకట్టలను 2011 నుంచి 2014 మధ్య పూర్తిగా తీసేశారు. వాటి వెనక రెండు కోట్ల ఘనపు మీటర్ల పైచిలుకు మట్టి పేరుకుని ఉంది. అది కిందికి కదిలింది. మొదటి ఏళ్లలో నీరు బురదమయమై చేపలకు ఇబ్బందే అయింది. తర్వాత ఏటి అడుగు కుదుటపడింది, మొగ దగ్గర కొత్త నేల పుట్టింది, సాల్మన్ చేపలు వందేళ్ల తర్వాత ఎగువకు ఎక్కాయి. మనం ఆనకట్టలు తీసేయాలని చెప్పడానికి కాదు ఈ కథ. ఎల్వా కింద లక్షల ఎకరాల వరి లేదు, మనకుంది. నదికి మట్టి తిరిగి ఇస్తే ఏం చేసుకుంటుందో కళ్లారా చూసిన చోటు గనక చెప్పాను.

మన పోలవరం స్పిల్‌వేలో చేపలు ఎక్కడానికి ప్రత్యేకంగా దారి కట్టారు. సంతోషించవలసిన విషయమే. అయితే ఆ దారిదాకా రావాలంటే పులస ముందు ధవళేశ్వరం దాటాలి కదా. ఇక దాటాక కూడా, పోలవరం వెనక పెద్ద జలాశయం నిండితే నీరు నిలకడ అవుతుంది. నిలకడ నీటిలో పులస గుడ్డు ఏమవుతుందో ఇందాక చెప్పుకున్నాం. చేపకు దారి వేశాం గానీ ఒండ్రుకు దారి వేశామా అన్నది ఇంకా ఎవరూ గట్టిగా అడగలేదు. వరద మొదటి రోజుల్లో, నీరు అన్నిటికంటే ఎర్రగా ఉన్నప్పుడు అడుగు తూములు తెరిచి మట్టిని దిగువకు వదలడం చైనాలో పసుపు నది మీద ఏళ్ల తరబడి చేస్తున్న పనే. మన జలాశయాలకు అది ఎంతవరకు కుదురుతుందో ఇంజనీర్లు చెప్పాలి. చెప్పాలంటే ముందు లెక్క ఉండాలి.

అందుకే చివరిగా ఒక విన్నపం. వరద వస్తే ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఎన్ని లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి వదిలారో గంటగంటకూ రేడియోలో వింటాం. దానికి తోక తగిలించి ‘వృథాగా’ అని ఒక మాట కూడా వింటాం. ఆ క్యూసెక్కుల పక్కన ఇంకొక్క అంకె చేర్చండి. ఇవాళ ఎన్ని టన్నుల మట్టి దాటిందో చెప్పండి. సీసా ఉంది, త్రాసు ఉంది, కొలిచే మనుషులు ఉన్నారు. ఆ అంకె ఫైలులో ఉండిపోకుండా ఏటిగట్టు ఊళ్లకు, పులస వల వేసే పల్లెకారులకు రోజూ వినిపించేలా చూడమని జలవనరుల అధికారులను, నా పాత్రికేయ మిత్రులను కోరుకుంటున్నాను.